గట్టున నిలబడ్డవాళ్ళు

పరుగు గురించి పరిగెత్తేవాళ్ళు చాలానే రాశారు. హరుకి మురకామి ఏకంగా ఒక పుస్తకమే రాశాడు, అందులో బాస్టన్ కూడా వస్తుంది. గట్టున నిలబడి చూసేవాళ్ళ గురించి రాసింది తక్కువ. రాయడానికేముంది, వాళ్ళేం చేశారు గనక అని కాబోలు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, అలాగే చేసేవాడికి చూసేవాడు లోకువ. "ఊరికే చూడ్డానికొచ్చాం" అని మనమే అంటాం. ఆ "ఊరికే"లో కాస్త సిగ్గు కూడా ఉంటుంది.

నేను మారథాన్ పరిగెత్తలేదు, పరిగెత్తే ఉద్దేశమూ లేదు. కానీ ఏప్రిల్‌లో బాస్టన్ మారథాన్ చూడ్డం కొన్నేళ్ళుగా నాకు పండగ. ఏడాదిలో ఇంకే సెలవు కోసమూ అంతగా ఎదురుచూడను. ఆ సంతోషం ఎలాంటిది, దాన్ని అనుభవించే హక్కు నాకుందా అన్నది ఇక్కడ నా ప్రశ్న. పైకి చూస్తే ఇది అనుమానించాల్సిన సంతోషమే మరి. దాదాపు ముప్ఫై వేలమంది ఒళ్ళు హూనం చేసుకుంటుంటే, మడత కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ, పైసా ఖర్చు లేకుండా ఆనందించడం.

ముందు ఆ పండగ ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. ఈ పరుగు 1897లో మొదలైంది, ఏథెన్స్‌లో తొలి ఆధునిక ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడే. ఇప్పుడు ఏప్రిల్ మూడో సోమవారం, పేట్రియట్స్ డే నాడు జరుగుతుంది. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో, కాంకర్డ్‌లో బ్రిటిష్ సైన్యంతో జరిగిన తొలి పోరాటాల గుర్తుగా మాసచూసెట్స్‌లో ఆరోజు సెలవు. తెల్లవారుతుండగానే లెక్సింగ్టన్ మైదానంలో పాతకాలపు బట్టలు వేసుకుని ఆ పోరాటాన్ని మళ్ళీ ఆడి చూపిస్తారు. పదకొండు ప్రాంతంలో ఫెన్‌వే పార్కులో రెడ్ సాక్స్ బేస్‌బాల్ ఆట. అదయ్యాక ఆ జనమంతా కెన్మోర్ స్క్వేర్‌లోకొచ్చి పరుగు గట్టున చేరతారు.

శనివారం నుంచే ఊరి వాలకం మారిపోతుంది. ఎక్కడ చూసినా సన్నగా, ఎండిన కట్టెల్లా ఉన్న మనుషులు, ఏ ఏడాది పరిగెత్తారో ఆ ఏడాది జాకెట్టు తొడుక్కుని తిరుగుతుంటారు. బాయిల్స్టన్ వీధిలో పసుపుపచ్చ డాఫడిల్ పూల కుండీలు. అదే వీధిలో రోడ్డు మీద నీలం, పసుపు రంగుల్లో గీసిన ముగింపు గీత. జనం దానిమీద నిలబడి ఫోటోలు తీసుకుంటూనే ఉంటారు, పిల్లలు రెండు చేతులూ పైకెత్తి గీత దాటి మళ్ళీ వెనక్కొచ్చి మళ్ళీ దాటుతారు. ఆదివారం మెట్లు ఎక్కకుండా లిఫ్టు కోసం ఓపిగ్గా నిలబడ్డవాళ్ళంతా రేపు పరిగెత్తేవాళ్ళే అని మేం సరదాగా అనుకుంటాం. సోమవారం పొద్దున హాప్కింటన్ అనే చిన్న ఊళ్ళో బయల్దేరి ఆష్లండ్, ఫ్రేమింగం, నేటిక్, వెల్లెస్లీ, న్యూటన్, బ్రూక్లైన్ మీదుగా 26.2 మైళ్ళు పరిగెత్తి బాస్టన్ చేరతారు. దారి పొడుగునా ఇళ్ళముందు జనం. ఆవుమెడ గంటలు, కమలాపండు తొనలు పెట్టిన పళ్ళేలు, అట్టముక్కల మీద చేత్తో రాసిన బోర్డులు.

ఆటగా చూస్తే ఇంతకంటే విసుగుపుట్టించే ఆట లేదు. ముందు వచ్చేవాళ్ళు ఒక్కో మైలూ ఐదు నిమిషాల లోపే పరిగెత్తుతారు. మనం కెమెరా తీసేలోపు వెళ్ళిపోతారు. ఎవరు గెలిచారో పక్కవాడి ఫోన్లో చూసి తెలుసుకోవాలి. ఆ తర్వాత నాలుగైదు గంటలపాటు గెలిచే ఆశే లేని మామూలు మనుషులు వస్తూనే ఉంటారు. ఒక్కొక్కరూ మన కళ్ళముందుండేది పది సెకన్లు. తమాషా ఏమిటంటే గట్టు మీద జనం పెరిగేదీ, గోల పెరిగేదీ అప్పుడే. మన బండలాగుడు పందేల్లో ఎడ్ల మీద ఆశ ఉంటుంది, కోడిపందేల్లో జేబులో డబ్బు ఉంటుంది, క్రికెట్లో మన జట్టు ఉంటుంది. ఇక్కడ మనకంటూ ఏదీ లేదు.

అమ్మ ఇక్కడికొచ్చిన ఏడాది తనని కూడా తీసుకెళ్ళాను. న్యూటన్ సిటీ హాలు దగ్గర, 19వ మైలు అటూఇటూగా నిలబడ్డాం. కొండలు మొదలై పరిగెత్తేవాళ్ళ మొహాలు మారే చోటది. చలికి శాలువా కప్పుకుని అమ్మ కాసేపు చూసి అడిగింది.

"ఇందులో మనవాళ్ళెవరున్నార్రా?"

"ఎవరూ లేరమ్మా."

"మరి ఎవరికోసం వచ్చాం?"

నా దగ్గర జవాబు లేదు. ఇంతలో అరవై దాటిన ఒక పెద్దావిడ కాలు ఈడుస్తూ, మొహం చిట్లించుకుని వస్తోంది. అమ్మ "అయ్యో, పాపం!" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు గంటలు మోగిస్తూ కేకలు పెడుతున్నారు.

"పాపం ఏంటమ్మా, ఆవిడ కావాలని పరిగెడుతోంది. డబ్బు కట్టి మరీ."

"డబ్బు కట్టా!" అని అమ్మ ఆవిడ వెళ్ళినవైపు చూసి, "అయితే శభాష్" అంది.

ఆ తర్వాత రెండు గంటలు అమ్మ నాకంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. మాది నరసరావుపేట వైపు. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు లాక్కొచ్చేవాళ్ళు ఇలాగే ఉంటార్రా, నడవలేక నడుస్తూ, అంది. నీళ్ళ బల్లలు చూసి చలివేంద్రాలు బానే పెట్టారంది.

ఆ "అయితే" నన్ను వదల్లేదు. పాపం, శభాష్ అనే రెండు మాటలూ ఒకే మొహాన్ని, ఒకే కుంటునడకని చూసి అన్నవి. మధ్యలో మారింది ఒక్కటే, ఆ నొప్పిని ఆవిడ ఎంచుకుంది అన్న సమాచారం. పాపం అన్నమాట మనకి విచిత్రమైనది. సంస్కృతంలో అది చేసిన తప్పు, తెలుగులో నోటివెంట ఊరికే వస్తే జాలి. ఎవరి తప్పూ లేకుండా బాధపడుతున్నవాణ్ణి చూసి తప్పు పేరే ఎత్తుతాం. శభాష్ పారసీ నుంచి వచ్చింది. శాద్ బాష్, సంతోషంగా ఉండు అని. నొప్పితో మొహం వంకర పోతున్న మనిషిని సంతోషంగా ఉండు అనడం! మాటల చరిత్ర మీద సిద్ధాంతాలు కట్టకూడదని తెలుసు. కానీ గట్టునున్నవాడికి ఉన్న భాషంతా దాదాపు ఈ రెండు మాటలే. ఏది ఎప్పుడు అనాలన్నదే వాడి నీతి.

గట్టు అంటే గుర్తొచ్చేది లుక్రీషియస్. రోమన్ కవి, తన లాటిన్ కావ్యం రెండో భాగం మొదట్లోనే, సముద్రంలో తుఫానుకి చిక్కినవాణ్ణి ఒడ్డునుంచి చూడ్డంలో ఒక హాయి ఉందంటాడు. ఎదుటివాడి కష్టం హాయి కాదు, ఆ కష్టం మనకి లేదన్న ఎరుక హాయి అని ఆయన వివరణ. నిజాయితీగా చెప్పిన మాటే. పరుగు చూసేటప్పుడు "హమ్మయ్య, నేను కాదు" అన్న భావం నాలో బొత్తిగా లేదని నేననను. కానీ ఆయన చెప్పిందే మొత్తం కథ అయితే, ఎదుటివాడి కష్టం పెరిగేకొద్దీ నా హాయి పెరగాలి. అలా జరగదు. ఎవరైనా కుప్పకూలితే గట్టు మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. గంటలు ఆగిపోతాయి. చప్పట్లు మళ్ళీ మొదలయ్యేది ఆ మనిషి లేచినప్పుడే. లేవకుండా స్ట్రెచర్ మీద వెళ్తే, ఆ చోట కొన్ని నిమిషాలపాటు ఎవరికీ గొంతు పెగలదు.

మనవాళ్ళ జవాబు ఇంకోటుంది. కరుణరసం ఆనందం ఎలా ఇస్తుంది అన్న పాత ప్రశ్నకి అభినవగుప్తుడు సాధారణీకరణం అన్నాడు. రంగం మీద దుఃఖం నాదీ కాదు, నటుడిదీ కాదు, ఫలానావాడిదన్న ముడి తెగిపోయింది గనక సహృదయుడు దాన్ని రసంగా అనుభవించగలడు. అందమైన సిద్ధాంతం, కానీ రోడ్డు మీద పనికిరాదు. రోడ్డు మీద రక్తం నిజం, చొక్కాకి అంటిన మరక నిజం. అక్కడ ముడి తెగకపోగా బిగుస్తుంది. ఆ మనిషి పేరు చొక్కా మీద రాసి ఉంటుంది, మనం ఆ పేరు పెట్టి పిలుస్తాం. నాటకంలో సీతని సీతా అని పిలిచి ధైర్యం చెప్పేవాణ్ణి పక్కవాళ్ళు కూర్చోబెడతారు. ఇక్కడ పిలవనివాడే లోటు.

కాబట్టి ఈ చూపు ఒడ్డునున్నవాడి చూపూ కాదు, ప్రేక్షకుడి చూపూ కాదు. నాకు తోచినంతలో సాక్షి చూపుకి దగ్గర. దీనికి బాస్టన్ చరిత్రలోనే రుజువులున్నాయి.

1980లో రోజీ రూయిజ్ అనే ఆవిడ ఆడవాళ్ళలో మొదట ముగింపు గీత దాటింది. 2 గంటల 31 నిమిషాల 56 సెకన్లు. పెద్దగా చెమట కూడా పట్టలేదు. ఇప్పట్లా చిప్ పెట్టుకునే రోజులు కావు. ఆవిడకి కిరీటం పెట్టేశారు కూడా. అయితే అసలు ముందున్న కెనడా అమ్మాయి జాక్లిన్ గారోకి దారి పొడుగునా జనం "ఆడవాళ్ళలో నువ్వే మొదట" అని చెబుతూనే వచ్చారు. రూయిజ్‌ని చూశామన్నవాళ్ళు దారిలో లేరు. చివరికి ఇద్దరు హార్వర్డ్ విద్యార్థులు, ముగింపుకి మైలు లోపు దూరంలో ఆవిడ జనంలోంచి రోడ్డు మీదికి దూరడం చూశామన్నారు. ఎనిమిది రోజుల తర్వాత కిరీటం గారోకి వెళ్ళింది. ఊరికే చూడ్డానికొచ్చినవాళ్ళు లేకపోతే ఆ అబద్ధం చరిత్రై కూర్చునేది.

అంతకంటే నాకిష్టమైనది 1966 నాటిది. ఆడవాళ్ళ శరీరం అంతదూరం పరిగెత్తలేదని నిర్వాహకులు బాబీ గిబ్ దరఖాస్తుని తిప్పికొట్టారు. ఆమె హాప్కింటన్‌లో పొదల చాటున నక్కి, టోపీ ఉన్న స్వెటరు తొడుక్కుని, నెంబరు లేకుండానే పరుగులో కలిసిపోయింది. కొంతదూరం పోయాక చుట్టూ పరిగెత్తేవాళ్ళు గుర్తుపట్టారు, అడ్డుపడలేదు. గట్టున జనం గుర్తుపట్టి గోల చేశారు. సగం దూరంలో వెల్లెస్లీ ఆడపిల్లల కాలేజీ దగ్గర విద్యార్థినులు ఆమెను చూసి చేసిన హంగామాని గిబ్ తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకుంది. ఇప్పటికీ అక్కడ అమ్మాయిల కేకలు చాలా దూరం నుంచే వినిపిస్తాయి. ఆమె 3 గంటల 21 నిమిషాల్లో ముగించింది. నియమాల పుస్తకం ఆడవాళ్ళని ఒప్పుకున్నది 1972లో. గిబ్ గెలుపుని అధికారికంగా గుర్తించింది 1996లో. గట్టునున్నవాళ్ళు ఆరోజే గుర్తించారు. ముప్ఫై ఏళ్ళు ముందు.

సాక్షికి ఒక బాధ్యత ఉంటుంది, అబద్ధం చెప్పకూడదు. అందుకే గట్టు మీద నాకు చిరాకు తెప్పించే మాట ఒకటుంది. "అయిపోవచ్చింది! ఇంకెంతో లేదు!" నేటిక్‌లో, పదో మైలు దగ్గర, ఇంకా పదహారు మైళ్ళున్నవాడితో ఈ మాట అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ పరిగెత్తే స్నేహితుల్ని అడగండి, మండిపోతుందంటారు. వాడి కాళ్ళకి తెలిసిన లెక్క నీకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడుతున్నావు. ఆస్పత్రిలో రోగితో "ఏం కాదు, తగ్గిపోతుంది" అనేవాళ్ళు గుర్తొస్తారు నాకు. ఎదుటివాడి బాధని తగ్గించడానికి కాదు, మన ఇబ్బందిని తగ్గించుకోవడానికి వాడే మాట అది. గట్టునుంచి అనదగ్గది కనబడుతున్నదే. నీ పేరు కనిపిస్తోంది, నువ్వు పరిగెడుతున్నావు, నేను చూస్తున్నాను. అంతకుమించి చెబితే అది గట్టున కూర్చుని నీతులు చెప్పడమే.

ఇంతవరకూ అమ్మ "అయితే"కి ఇబ్బంది లేదు. ఎంచుకున్న నొప్పికి శభాష్ చెల్లుతుంది. చిక్కల్లా ఆ మాట ఇతర చోట్లకి పాకినప్పుడు.

2020లో బాస్టన్ మారథాన్ దాని చరిత్రలో మొదటిసారి రద్దయింది. ఆ ఏడాది నేను చూసిన పరుగులన్నీ ఫోన్లోనే. పరుగులు కావు, నడకలు. మార్చి 22 సాయంత్రం ఐదింటికి మా బంధువులంతా హైదరాబాద్‌లో బాల్కనీల్లో నిలబడి పళ్ళేలు మోగించిన వీడియోలు వచ్చాయి. ఆ తర్వాత రోజుల్లోనే ఇంకో రకం వీడియోలు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు, కాళ్ళకి అరిగిన చెప్పులు, నాగపూర్ వైపు హైవే మీద ఉత్తరాదికి నడిచిపోతున్న కూలీలు. ఎన్నో మారథాన్ల దూరం. అమ్మ అన్నమాటలో "అయితే" తీసేస్తే మిగిలేది అదే.

వాళ్ళకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టకపోవడమే సరైంది. కొట్టి ఉంటే ఎంత అసహ్యంగా ఉండేదో ఊహించండి. రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళలో సిగ్గున్నవాళ్ళు అన్నం పొట్లాలు, నీళ్ళు, చెప్పులు ఇచ్చారు. లారీ ఆపి ఎక్కించారు. మారథాన్‌లో లారీ ఎక్కిస్తే పోటీలోంచి తీసేస్తారు, ఇక్కడ లారీ ఎక్కించడమే చేయదగ్గ పని. రెండు చోట్లా మనం గట్టునే ఉన్నాం. ఎంచుకున్న నొప్పి దగ్గర సాయం చేస్తే అవమానం, ఎంచుకోని నొప్పి దగ్గర చప్పట్లు కొడితే అవమానం.

మరి పళ్ళేల సంగతి? డాక్టర్లకీ నర్సులకీ అని మోగించారు. వాళ్ళు ఆ వృత్తి ఎంచుకున్నారు, నిజమే. సరైన మాస్కు లేకుండా వార్డులోకి వెళ్ళడం ఎంచుకున్నారా? శభాష్‌లో ఒక మాయ ఉంది. ఎంచుకోని బాధని ఎంచుకున్నట్టు చూపించగలదు. ఒకసారి శభాష్ అన్నాక ఇంక వాళ్ళకి మనం బాకీ లేనట్టే. వానలో తడుస్తూ బిర్యానీ తెచ్చిన కుర్రాణ్ణి "హీరో" అని పిలిచి తలుపు వేసుకోవడం అలాంటిదే. అంతెందుకు, నేను పనిచేసిన ఒకచోట ఒక ప్రాజెక్టు గడువు దాటకూడదని రెండు శని ఆదివారాలు వరసగా ఒక టీముని కూర్చోబెట్టారు. సోమవారం మీటింగులో అందరూ లేచి చప్పట్లు, చాట్‌లో చప్పట్ల బొమ్మలు, అంకితభావం మీద పై అధికారి ప్రసంగం. ఆ టీములో చంటిబిడ్డ తండ్రి ఒకతను బయటికొచ్చాక నాతో అన్నాడు, "చప్పట్లు బానే ఉన్నాయి బాస్, నేనెప్పుడు ఒప్పుకున్నానో ఎవరైనా చెబితే బాగుండు."

అయితే ఎంచుకున్నది, ఎంచుకోనిది అన్న గీత రోడ్డు మీద గీసినంత స్పష్టంగా ఉండదు. బాస్టన్‌లో చాలామందికి అర్హత సమయం సాధిస్తేనే ప్రవేశం. వేరే దారి, ఏదైనా సేవా సంస్థకి చందాలు పోగుచేయడం. ఆ చొక్కాల వీపుల మీద పేర్లుంటాయి. అమ్మ పేరు, తమ్ముడి పేరు, కింద రెండు సంవత్సరాలు, మధ్యలో చిన్న గీత. క్యాన్సర్‌ని ఎవరూ ఎంచుకోలేదు. దానికోసం నొప్పిని ఎంచుకుని వచ్చారు. వీపు మీద పేరు చదివేసరికి మనిషి ముందుకెళ్ళిపోయి ఉంటాడు. శభాష్ అని మొదలైన కేక గొంతులో పాపంగా మారిపోతుంది. నాకైతే ఆ క్షణంలో రెండిట్లో ఏది అంటున్నానో తెలియదు.

ఇంకో ఉదాహరణ డిక్ హాయ్ట్, రిక్ హాయ్ట్. రిక్‌కి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, మాట వచ్చేది కాదు, నడవలేకపోయేవాడు. తండ్రి డిక్ అతణ్ణి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోస్తూ బాస్టన్‌లో ముప్ఫై సార్లకు పైగా పరిగెత్తాడు. వాళ్ళ మొట్టమొదటి పరుగు 1977లో, ఐదు మైళ్ళది. అది అయ్యాక రిక్ కంప్యూటర్ సాయంతో నాన్నకి చెప్పాడట, పరిగెడుతున్నప్పుడు నాకు వైకల్యం ఉన్నట్టే అనిపించదు అని. మొదట్లో తోటి పరుగువాళ్ళు కూడా వీళ్ళకి దూరంగా జరిగేవారు. పాపం అనుకుని చూపు తిప్పుకునేవారన్నమాట. ఇప్పుడు హాప్కింటన్‌లో, బయల్దేరే గీత దగ్గర్లో, వాళ్ళ కంచు విగ్రహం ఉంది. కుర్చీలో కూర్చున్న రిక్ పరిగెత్తినట్టా, చూసినట్టా? నాకు ఈ ప్రశ్న ఇష్టం, జవాబు మీద పట్టింపు లేదు. 26 మైళ్ళూ ముందువరస సీటులో కూర్చుని చూసిన ఒకే ఒక ప్రేక్షకుడతను, పోటీ ఫలితాల్లో అతని పేరూ ఉంది.

గట్టు అంటే క్షేమమైన చోటు అనుకుంటూ ఇంతసేపు రాశాను. 2013 ఏప్రిల్ 15 గురించి చెప్పకపోతే అది అబద్ధమవుతుంది. మధ్యాహ్నం 2 గంటల 49 నిమిషాలకి, బాయిల్స్టన్ వీధిలో ముగింపు గీత దగ్గర్లో రెండు బాంబులు పేలాయి. పెద్ద పరుగువీరులు గెలిచి వెళ్ళిపోయి అప్పటికి రెండు గంటలు దాటింది. అది నాలుగు గంటల పైచిలుకు తీసుకునే మామూలువాళ్ళు వచ్చే వేళ. గట్టున నిలబడ్డది వాళ్ళ భార్యలు, భర్తలు, పిల్లలు, స్నేహితులు, ఇంకా నాలాగా ఎవరికోసమూ కాక వచ్చినవాళ్ళు. ఆ పేలుళ్ళలో చనిపోయిన ముగ్గురూ చూడ్డానికొచ్చినవాళ్ళే. ఒకడు ఎనిమిదేళ్ళ పిల్లాడు. కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళలోనూ ఎక్కువమంది చూడ్డానికొచ్చినవాళ్ళే. పరుగులో ఏ ప్రమాదమూ ఎంచుకోనివాళ్ళు. "ఊరికే" వచ్చినవాళ్ళు.

ఆరోజు వీడియోల్లో నేను పదేపదే చూసేది పేలుడు కాదు, దాని తర్వాత అరనిమిషం. పొగ ఇంకా పోలేదు. రెండోది పేలింది, మూడోది ఉందో లేదో ఎవరికీ తెలియదు. అప్పుడు కొందరు పోలీసులు, స్వచ్ఛంద సేవకులు, పక్కనే నిలబడ్డ మామూలు జనం పొగ వైపే పరిగెత్తారు. ఇనుప కంచెల్ని చేతుల్తో పీకి పారేశారు. బెల్టులు, చొక్కాలు విప్పి కాళ్ళకి కట్లు కట్టారు. కాసేపటి క్రితం గంటలు మోగించిన చేతులే. ఎవరికీ శభాష్ అనే తీరిక లేదు, పాపం అనే తీరికా లేదు.

దారిలో ఆగిపోయిన ఐదు వేలమందికి పైగా పరుగువాళ్ళకి ఏం జరిగిందో తెలియదు. ఫోన్లు పనిచేయలేదు. చెమట ఆరి చలికి వణుకుతుంటే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు దుప్పట్లు, కోట్లు, నీళ్ళు తెచ్చిచ్చారు. ఎంచుకున్న నొప్పి ఒక్క క్షణంలో ఎంచుకోనిది అయిపోయింది. గట్టునున్నవాళ్ళు చేయాల్సిన పని కూడా ఆ క్షణంలోనే మారిపోయింది, వాళ్ళకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. మరుసటి ఏడు ఆ ఆగిపోయినవాళ్ళని మళ్ళీ పిలిచారు. 2014లో గెలిచిన మెబ్ కెఫ్లెజిగీ తన నెంబరు కాగితం మూలల్లో చనిపోయినవాళ్ళ పేర్లు రాసుకుని పరిగెత్తాడు. ఎప్పుడూ చూసేవాళ్ళు పరిగెత్తేవాళ్ళ పేర్లు చదువుతారు. ఆ ఏడాది పరిగెత్తేవాడు చూసేవాళ్ళ పేర్లు మోసుకెళ్ళాడు.

ఇప్పుడు బాయిల్స్టన్ వీధిలో ఆ రెండు చోట్లా జ్ఞాపకచిహ్నాలున్నాయి, 2019లో పెట్టారు. పండగ రోజుల్లో వాటి పక్కనే జనం ఎప్పట్లాగే గుమిగూడతారు. సంచులు తనిఖీ చేస్తారు, పోలీసులు ఎక్కువ. చిన్నపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని అదే పేవ్‌మెంట్ మీద నిలబడే తండ్రుల్ని చూస్తే, చూడ్డం కూడా ఎంచుకోవడమేనేమో అనిపిస్తుంది.

నేను మాత్రం న్యూటన్‌లోనే నిలబడతాను. అక్కడ సిటీ హాలు దగ్గర జానీ కెల్లీ విగ్రహం ఉంది. బాస్టన్‌లో రెండుసార్లు గెలిచి, ముసలితనంలో కూడా పరిగెత్తుతూనే ఉన్నవాడు. విగ్రహంలో కుర్ర కెల్లీ, ముసలి కెల్లీ చెయ్యి చెయ్యి పట్టుకుని పరిగెడుతుంటారు. ఇంకొంచెం ముందుకెళ్తే వచ్చే పెద్ద కొండకి హార్ట్‌బ్రేక్ హిల్ అని పేరొచ్చింది కూడా ఆయన వల్లే. 1936లో అక్కడ ముందున్న ఎలిసన్ బ్రౌన్‌ని అందుకుని, దాటుతూ కెల్లీ భుజం తట్టాడు. ఓదార్పుగానే తట్టి ఉంటాడు. బ్రౌన్‌కి అది పాపం అన్నట్టు వినబడిందో ఏమో, మళ్ళీ పుంజుకుని గెలిచాడు. కెల్లీ ఐదోవాడుగా వచ్చాడు. ఓ పాత్రికేయుడు ఆ కొండకి గుండె పగిలిన కొండ అని పేరు పెట్టాడు.

సాయంత్రం వెనకబడ్డవాళ్ళని ఎక్కించుకునే బస్సులు వెళ్ళిపోయాక కూడా కొందరు పేవ్‌మెంట్ మీద నడుచుకుంటూ వస్తుంటారు. గట్టున అప్పటికి పదిమందిమి ఉంటే గొప్ప. ఆ తర్వాత మునిసిపాలిటీ ట్రక్కులు వస్తాయి. రోడ్డంతా నలిగిన కాగితపు గ్లాసులు, కమలాతొక్కలు, విసిరేసిన చేతితొడుగులు. పసుపు కోట్లు వేసుకున్న మనుషులు పొద్దుటినుంచి నిలబడ్డ కాళ్ళతో వాటిని ఊడ్చి ఎత్తుతారు. ఓ ఏడాది మా పక్కన ఐదారేళ్ళ పిల్లాడు, పొద్దుటినుంచి అలవాటైన చెయ్యి ఆగక కాబోలు, ఆ ట్రక్కుని చూసి కూడా గంట గట్టిగా మోగించాడు. డ్రైవరు బండి ఆపి, అద్దం దించి, ఏమైనా కావాలా అన్నట్టు మావైపు చూశాడు.